ముసుగు రాతలు.. మండల ఠాణాలో చిక్కుముడి

పేరుండదు. ఫొటో ఉన్నా అది వేరొకరిది. అలాంటి ఖాతా నుంచి ఓ విద్యార్థిని చిత్రం కింద నాలుగు బూతులు రాసి, మార్ఫింగ్‌ బొమ్మ తగిలిస్తే గంట తిరిగేసరికి ఊరంతా సెల్‌ఫోన్లలో చూస్తుంది. తీరా దొరికితే రాసినవాడు పక్కవీధివాడో, పాత స్నేహితుడో అయిన సందర్భాలు తక్కువేమీ కావు.

ఇందుకు చట్టాల కొరత లేదు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్‌ కేసులో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టివేశాక, ఇక ఏం రాసినా అడిగేవారు లేరన్న అపోహ కొందరిలో పాతుకుపోయింది. చికాకు, అసౌకర్యం వంటి మాటలకు హద్దు లేనందునే ఆ సెక్షన్‌ పోయింది. అశ్లీల ప్రచురణను శిక్షించే 67 అలాగే ఉంది. వద్దన్నా మహిళ వెంటపడటం, ఆన్‌లైన్‌లో ఆమెపై నిఘా వేయడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్‌ కింద నేరం.

చిక్కంతా ఠాణా గడప దగ్గరే. ఐటీ చట్టం నేరాలను దర్యాప్తు చేసే అధికారం 2000లో డీఎస్పీకే ఉండేది. 2008 సవరణతో దాన్ని ఇన్‌స్పెక్టర్‌ దాకా దించారు గానీ ఎస్సై దాకా రానివ్వలేదు. మండల ఠాణాలో చాలాచోట్ల ఎస్సైయే పెద్ద. ఆయన సీఐ వద్దకు, అక్కడివారు జిల్లా కేంద్రానికి పొమ్మంటే బాధితురాలి తండ్రికి బస్సు ఛార్జీలే మిగులుతాయి. దర్యాప్తు ఎవరిదన్నది వేరు, ఫిర్యాదు తీసుకోవడం వేరు. నేరం ఏ పరిధిలో జరిగినా సమాచారం స్వీకరించాలని 2024 జులై 1న అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌ చెబుతోంది. ఈ ముక్క ఠాణా గోడపై రాసిపెడితే సగం తిప్పలు తప్పుతాయి.

ఈలోగా కాలం ఆగదు. తొలగించిన రాతలను దర్యాప్తు కోసం 180 రోజులు భద్రపరచాలని 2021 ఐటీ నిబంధనలు వెబ్‌సైట్లను ఆదేశించాయి. పరువు పోతుందని పెద్దలు నెలల తరబడి తాత్సారం చేస్తే ఆ గడువు కాస్తా కరిగిపోతుంది. మరికొందరు కంగారులో ముందు రాత చెరిపించేసి, తర్వాత ఠాణాకు వెళ్తారు. చూపడానికి చేతిలో ఏమీ ఉండదు. తొలగించమని కోరేముందే తేదీ, ఖాతా లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్‌ తీసుకోవాలి.

వెబ్‌సైట్ల వడపోతనే నమ్ముకోలేం. తెలుగు బూతును ఆంగ్ల అక్షరాల్లో, మధ్యలో చుక్కలు పెట్టి రాస్తే యంత్రం కళ్లుగప్పవచ్చు. ఊరి యాసలోని ఎత్తిపొడుపు సంగతి సరేసరి.

ఠాణా మెట్లెక్కడానికి జంకేవారి కోసం కేంద్ర హోంశాఖ జాతీయ సైబర్‌ నేరాల పోర్టల్‌ నడుపుతోంది. మహిళలపై అశ్లీల చిత్రాల వంటి వాటిపై అక్కడ పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు. అయితే అలా ఇచ్చిన ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందో తర్వాత తెలుసుకునే వీలుండదు.