తలకింత బీమా: కూలీకీ, బ్యాంకు డైరెక్టరుకీ ఒకే బిల్లు

స్విట్జర్లాండు దేశంలో 2026 జనవరి నుంచి ఆరోగ్య బీమా ప్రీమియం మళ్లీ పెరిగింది. ఈసారి పెంపు సగటున 4.4 శాతం. 2025లో 6 శాతం, 2024లో 8.7 శాతం, 2023లో 6.6 శాతం పెరిగింది. ఈ నాలుగు పెంపుల్నీ ఒకదాని మీద ఒకటి వేసి లెక్క కడితే నూటికి 28 తేలుతుంది. జీతాలు మాత్రం ఆ వేగంతో పెరగలేదు. ఇప్పుడు పెద్దవాళ్లకు నెలకు సగటున 465 ఫ్రాంకులు, పిల్లలకు 122 ఫ్రాంకుల పైచిలుకు పడుతోంది. ఫ్రాంకు మన నూరు రూపాయలకు పైమాటే. మాకొద్దీ బీమా అనడానికి వీల్లేదు. ఆ దేశంలో నివసించే ప్రతి మనిషీ, పుట్టిన బిడ్డతో సహా, బీమా తీసుకోవాల్సిందేనని చట్టం.

ఎక్కడో మంచుకొండల దేశంలో ప్రీమియం పెరిగితే కోనసీమలో నాట్లు వేసే కూలీకీ, పాలమూరులో పత్తి ఏరే కూలీకీ ఏమిటి సంబంధమని అడగొచ్చు. సంబంధం ఉంది. "అందరికీ ఆరోగ్య బీమా" అన్న మాట మన పాలకుల నోట కూడా తరచుగా వినపడుతోంది. వినడానికి బాగానే ఉంటుంది. అయితే ఆ మాటలో రెండు సంగతులు కలగలిసి ఉన్నాయి. జబ్బు చేస్తే ప్రతి మనిషికీ వైద్యం అందాలన్నది మొదటిది. అందుకయ్యే ఖర్చు ఎవరు, ఏ లెక్కన మొయ్యాలన్నది రెండోది. మొదటిది ఊరంతా చాటి, రెండోదాన్ని మరుగున పెడితే పేదవాడి గతేమవుతుందో స్విస్ ప్రజల ముప్ఫయ్యేళ్ల అనుభవం చెబుతుంది.

చట్టంలో మంచి ఎంత?

1994 డిసెంబరు 4న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో స్వల్ప ఆధిక్యతతో నెగ్గిన చట్టమిది. 1996 జనవరి 1 నుంచి అమలయింది. దాన్ని నడిపించిన మంత్రి రూత్ డ్రైఫస్ సోషలిస్టు పార్టీకి చెందినావిడ. ఆ చట్టం తెచ్చిన మేలును మేము తక్కువ చెయ్యబోము. అంతకు ముందు ఆడవాళ్ల దగ్గర ఎక్కువ ప్రీమియం గుంజే పద్ధతి ఉండేది. అది పోయింది. రోగిష్టివాడివి, నిన్ను చేర్చుకోం అనే అధికారం కంపెనీలకు లేకుండా పోయింది. ప్రాథమిక బీమాలో ఏయే వైద్యం అందాలో చట్టమే నిర్ణయించింది. ఆ ప్రాథమిక బీమా మీద కంపెనీలు లాభం తీసుకోకూడదని కూడా కట్టడి చేసింది.

అందరూ చేరాలన్న నిర్బంధంలో కూడా తప్పేమీ లేదు. రోగులు మాత్రమే చేరి, ఆరోగ్యవంతులు బయట కూర్చుంటే ఏ నిధీ నిలవదు. ఊరి చెరువుకు గండి పడితే గట్టు వెయ్యడానికి అందరూ కలిసి రావాలనడం ధర్మమే. అయితే ఆ ఖర్చుకు చందా ఎలా వెయ్యాలి? నీరు పారే ఎకరాల లెక్కన వేస్తారా, ఇంటికింత అని వేస్తారా? ఇరవై ఎకరాల ఆసామీ, సెంటు భూమి లేని కూలీ చెరి వెయ్యి ఇవ్వండని ఊరిపెద్ద తీర్పు చెబితే మనం ఒప్పుకుంటామా? స్విస్ చట్టం సరిగ్గా ఆ తీర్పే చెప్పింది. అక్కడ ప్రీమియం ఆదాయాన్ని బట్టి ఉండదు. తలకింత అని ఉంటుంది.

లెక్క చూద్దాం

భార్యా భర్తా, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటిని తీసుకుందాం. 2026 సగటు ప్రకారం వాళ్లకు నెల ప్రీమియం 1,175 ఫ్రాంకుల దాకా వస్తుంది. ఇంటి ఆదాయం నెలకు 4,700 ఫ్రాంకులయితే అందులో నాలుగో వంతు బీమాకే పోతుంది. అదే ఊళ్లో నెలకు 23,500 ఫ్రాంకులు సంపాదించే బ్యాంకు డైరెక్టరు ఇంటికీ బిల్లు అంతే. ఆయనకది ఇరవయ్యో వంతు. వెనకటి రాజులు వేసిన తలపన్నుకూ దీనికీ తేడా ఏమిటి?

తక్కువ ఆదాయం వాళ్లకు ప్రభుత్వం సబ్సిడీ ఇస్తోంది కదా అని సమర్థించేవాళ్లున్నారు. నిజమే, ఇస్తోంది. జనాభాలో నాలుగో వంతుకు పైగా ఆ సబ్సిడీ పొందుతున్నారు. సబ్సిడీ అందే ఇంటికి పైన చెప్పిన బిల్లు తగ్గుతుంది. కాని ఆ దేశం ప్రపంచంలోని సంపన్న దేశాల్లో ఒకటి. అలాంటి చోట నలుగురిలో ఒకరికి చెయ్యి పట్టుకుంటే గాని ప్రీమియం కట్టలేని స్థితి వచ్చిందంటే ఆ ధర నిర్ణయించిన పద్ధతిలోనే లోపం ఉందని అర్థం. పైగా ఎవరికి ఎంత ఇవ్వాలనేది కాంటన్లు, అంటే అక్కడి రాష్ట్రాలు, నిర్ణయిస్తాయి. ఒక కాంటన్‌లో దక్కిన సాయం పక్క కాంటన్‌లో దక్కదు. సబ్సిడీ గీతకు కాస్త పైన ఉన్న కార్మిక కుటుంబం మొత్తం బరువు తనే మొయ్యాలి.

ప్రీమియం కడితే సరిపోతుందా అంటే అదీ లేదు. పెద్దవాళ్లు ఏడాదిలో మొదటి 300 ఫ్రాంకుల వైద్యం ఖర్చు సొంతంగా పెట్టుకోవాలి. ఆ తర్వాత కూడా బిల్లులో పదోవంతు, ఏడాదికి 700 ఫ్రాంకుల దాకా, రోగే ఇచ్చుకోవాలి. నెల ప్రీమియం తగ్గాలంటే ఈ మొదటి ఖర్చును 2,500 ఫ్రాంకుల దాకా పెంచుకునే వీలుంది. చేతిలో డబ్బాడని మనిషి ప్రీమియం భారం తగ్గుతుందని దాన్ని ఎంచుకుంటాడు. తీరా జబ్బు చేశాక 2,500 ఎక్కడ తేవాలో తెలియక డాక్టరు దగ్గరికి పోవడం వాయిదా వేస్తాడు. పళ్ల వైద్యం చాలావరకు ఈ బీమాలోకే రాదు.

కట్టలేనివాళ్ల మీద అప్పు వసూలు చర్యలు వస్తాయి. కొన్ని కాంటన్లు బాకీదారుల జాబితాలు పెట్టాయి. పేరు అందులోకి ఎక్కితే అత్యవసర వైద్యం తప్ప మిగతాది ఆగిపోతుంది. కొన్ని కాంటన్లు ఈ జాబితాలను తర్వాత ఎత్తేశాయి. అందరికీ వైద్యం అని మొదలైన చట్టం కిందే బాకీ ఉన్నవాడికి వైద్యం ఆపే జాబితా పుట్టడం గమనించదగ్గ సంగతి.

ధర ఎందుకు పెరుగుతోంది?

వయసు మళ్లిన జనం పెరగడం, ఖరీదైన కొత్త మందులు, కొత్త పరీక్షలు రావడం కారణాలే. డాక్టరు చేసిన చాలా పనులకు విడివిడిగా రుసుము లెక్కగట్టే పద్ధతి ఉంది కాబట్టి పని పెరిగిన కొద్దీ బిల్లు పెరుగుతుంది. రోష్, నొవార్టిస్ వంటి బడా మందుల కంపెనీలకు ఆ దేశమే పుట్టిల్లు. పేటెంటు గడువు తీరిన మామూలు మందుల ధరలు కూడా అక్కడ పొరుగు దేశాల కంటే ఎక్కువే.

వీటితో పాటు పైకి కనపడని మెలిక ఇంకొకటుంది. ఆస్పత్రిలో పడక మీద ఉండి చేయించుకునే వైద్యం ఖర్చులో కనీసం 55 శాతం కాంటన్ ప్రభుత్వం పన్నుల నుంచి భరిస్తుంది. పడక లేకుండా ఓపీలో జరిగే వైద్యం మొత్తం బీమా మీదే పడుతుంది. వైద్యశాస్త్రం పెరిగిన కొద్దీ ఒకప్పుడు వారం రోజులు పడకెక్కాల్సిన ఆపరేషన్లు ఇప్పుడు ఒక పూటలో అయిపోతున్నాయి. ఇది మంచిదే. కాని ఆ మార్పుతో ఖర్చు కూడా పన్నుల పద్దు నుంచి తలకింత కట్టే ప్రీమియం పద్దులోకి జారింది. ఆదాయాన్ని బట్టి ధనికుడు ఎక్కువ భరించే చోటు నుంచి, పేదా ధనికా తేడా లేకుండా భరించే చోటుకు బరువు మారింది. ఏ ధనికుడూ దీనికోసం అల్లరి చెయ్యనక్కర్లేకపోయింది. దీన్ని సవరించి, రెండు రకాల వైద్యానికీ ఖర్చును ఒకే నిష్పత్తిలో పంచే చట్టానికి 2024 నవంబరు 24న ఓటర్లు ఆమోదం తెలిపారు. అది 2028 నుంచి అమలు కావాలి.

అక్కడి శ్రామికులు ఊరుకోలేదు

ఆదాయాన్ని బట్టి ప్రీమియం, దేశమంతటికీ ఒకే ప్రభుత్వ బీమా సంస్థ కావాలని 2007 మార్చిలో ప్రజాభిప్రాయ సేకరణ దాకా తీసుకెళ్లారు. ఓడిపోయారు. 2014 సెప్టెంబరులో ఒకే ప్రభుత్వ సంస్థ కోరుతూ మళ్లీ పోటీ పడ్డారు. మళ్లీ ఓటమే, కాని వ్యతిరేక ఓట్లు నూటికి 71 నుంచి 62కు తగ్గాయి. 2024 జూన్ 9న, ఏ కుటుంబమూ తన ఆదాయంలో పదోవంతు కంటే ఎక్కువ ప్రీమియం కట్టకూడదన్న ప్రతిపాదన సోషలిస్టు పార్టీ తెచ్చింది. దాన్ని నూటికి 55 మందికి పైగా కాదన్నారు. పన్నులు పెరిగిపోతాయని మితవాద పార్టీలు, యాజమాన్య సంఘాలు చేసిన ప్రచారం పనిచేసింది. అయినా ఆ పోరాటం ఒత్తిడి వల్లే, కాంటన్లు సబ్సిడీ కింద కనీసం ఇంత ఖర్చు పెట్టి తీరాలనే ఎదురు చట్టాన్ని పార్లమెంటు చెయ్యాల్సి వచ్చింది. ఓడిన పోరాటం నుంచి కూడా కొంత రాబట్టుకున్నారన్నమాట.

తలకింత కట్టడం తప్ప వేరే దారి లేదనుకోవద్దు. పక్కనే జర్మనీలో కార్మికుడి చందా జీతాన్ని బట్టి ఉంటుంది. మూల రేటు జీతంలో 14.6 శాతం. అందులో సగం యజమాని కడతాడు. అక్కడా రేట్లు పెరుగుతున్నాయి, బాగా జీతం తెచ్చుకునేవాళ్లు ప్రైవేటు బీమాకు తప్పుకుపోయే సందుంది. అయినా తక్కువ జీతం వాడికి తక్కువ చందా అన్న సూత్రం నిలిచింది. బ్రిటన్‌లో 1948 జులై 5న మొదలైన జాతీయ ఆరోగ్య సర్వీసులో ప్రీమియం ఊసే లేదు. ప్రధానంగా పన్నుల మీదే నడుస్తోంది.

ఇక మన ఇంటి సంగతి

నిర్బంధ బీమా అంటే ఏమిటో మన రైతులకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2016లో ప్రధానమంత్రి ఫసల్ బీమా వచ్చినప్పుడు బ్యాంకులో పంట రుణం తీసుకున్న ప్రతి రైతుకూ అది తప్పనిసరి. ఖరీఫ్ ఆహార పంటలకు 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య పంటలకు 5 శాతం చొప్పున రైతు వాటా అప్పులోంచే కోసుకునేవారు. పట్టా పేరున అప్పు లేని కౌలు రైతు చేనులో చెమటోడ్చి కూడా పరిహారం లిస్టులో లేకుండా పోయాడు. రైతుల అసంతృప్తి పెరిగాక 2020 ఖరీఫ్ నుంచి దాన్ని ఐచ్ఛికం చేశారు.

ఆరోగ్య రంగానికి వస్తే, ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ బీమా కంపెనీ ద్వారానే మొదలయింది. తర్వాత ట్రస్టు చేతికి మారింది. పేదవాడి జేబులోంచి ప్రీమియం అడగకపోవడం దాని బలం. దినకూలికి పోయేవాడు గుండె ఆపరేషన్ చేయించుకోగలిగాడంటే ఆ పథకం వల్లే. అయితే కూలీ కుటుంబాన్ని ఏడాది పొడవునా పీల్చేది జ్వరాల ఖర్చు, నడుం నొప్పి మాత్రలు, బీపీ షుగరు మందులు, స్కానింగులు. వీటిలో ఎక్కువ భాగం ఆ కార్డు చూపించినా ఆగవు. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం జనం సొంత జేబుల్లోంచి పెట్టుకున్నదే. అదే ఏడాది ప్రభుత్వాల ఖర్చు జాతీయోత్పత్తిలో 1.84 శాతం. 2025 నాటికి 2.5 శాతానికి చేరుస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నారు.

2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఒక నిర్ణయం తీసుకుంది. రెండున్నర లక్షల రూపాయల దాకా అయ్యే వైద్యం బీమా కంపెనీల ద్వారా, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు ద్వారా నడపాలన్నది ఆ నిర్ణయం. ఆ మరుసటి నెలలోనే బకాయిలు తీర్చలేదని రాష్ట్రంలో ప్రైవేటు ఆస్పత్రులు ఈ పథకం కింద సేవలు ఆపేశాయి. కంపెనీ వస్తే చెల్లింపులు సక్రమంగా జరుగుతాయని చెబుతున్నారు. కంపెనీకి ప్రీమియం కట్టాల్సింది కూడా అదే ఖజానా. బకాయి పెట్టే ఖజానా కంపెనీని చూసి బాగుపడుతుందా? బీమా మీద లాభం తీసుకోకూడదని చట్టమున్న స్విట్జర్లాండులోనే ప్రీమియం ఆగలేదు. లాభం కోసమే వచ్చే కంపెనీ టెండరు టెండరుకూ రేటు పెంచమంటే ప్రభుత్వం ఏం చేస్తుంది? జబ్బుల జాబితా కుదించడమో, కార్డుదారుడు కూడా ఇంత వెయ్యాలనడమో జరగొచ్చు. తలకింత అన్న మాట మన గుమ్మం తొక్కే దారి ఇదేనని మా అనుమానం.

మనం ఏం కోరాలి?

చెల్లించే శక్తిని బట్టి చందా అనే సూత్రం మన దేశానికీ కొత్త కాదు. 1948లో చట్టమై వచ్చిన ఇఎస్ఐలో 2019 జులై నుంచి కార్మికుడి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఓపీ, మందులు, జబ్బు సెలవుల్లో కొంత వేతనం, కాన్పు సాయం అన్నీ అందులో ఉన్నాయి. ఫ్యాక్టరీ కార్మికుడు పోరాడి నిలబెట్టుకున్న ఈ హక్కు వ్యవసాయ కార్మికుడికి లేదు. పురుగుమందు పిచికారీ చేసి పడిపోయినవాడికి, పాము కాటు తిన్నవాడికి, నాట్లలో నడుం వంగిపోయిన తల్లికి ఇఎస్ఐ లాంటి రక్షణ లేదు.

ఇక్కడొక చిక్కుంది. ఎకరం అరెకరం చేసుకునే రైతును యజమాని వాటా కట్టమనడం అన్యాయం. అతనూ మనలాంటివాడే, ఏడాదిలో సగం రోజులు తనే కూలికి పోతాడు. కాబట్టి ఆ వాటా ప్రభుత్వం, విత్తన పురుగుమందుల కంపెనీలు, మిల్లర్లు, ఎగుమతిదారులు భరించాలి. పంట మీద లాభం తీసేవాళ్లు పంట పండించే మనిషి ఆరోగ్యానికి ఖర్చు పెట్టాలనడంలో అన్యాయమేముంది?

దీనితో పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు, మందులు, రక్తపరీక్షలు ఉండాలని పట్టుబట్టాలి. అవి ఉన్నచోట సగం జబ్బులు పెద్దాస్పత్రి దాకా పోవు, ఖర్చూ పెరగదు. ఏ ఆరోగ్య పథకమొచ్చినా మూడు ప్రశ్నలు వేసి నిలదియ్యాలి: డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, ఏ లెక్కన వసూలు చేస్తారు, కట్టలేనివాడి గతేమిటి? వ్యవసాయ కార్మిక సంఘాలు గ్రామ సభల్లో, మండల కేంద్రాల్లో ఈ మూడు ప్రశ్నల్నీ ముందుకు తేవాలి. జీవో వెలువడ్డాక ధర్నా చెయ్యడం కంటే, ముసాయిదా దశలోనే అడ్డం తిరగడం తేలిక.