కంప్యూటరు పాఠానికి జిజ్ఞాసయే పునాది

ఏ విద్యకైనా జిజ్ఞాసయే మూలం. ఉన్నత పాఠశాలల్లో కంప్యూటరు బోధన ఈ సత్యాన్ని విస్మరిస్తే యంత్రభాగాల పేర్లు, నిర్వచనాలు కంఠస్థం చేయించడంతోనే సరిపోతుంది.

1984–85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం క్రింద కొన్ని పాఠశాలలకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లను సమకూర్చింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం 6వ తరగతి మొదలు 8వ తరగతి వరకు గల దశలోనే కోడింగ్‌కు చోటు కల్పించాలన్నది. అయితే యంత్రం వచ్చినంత మాత్రాన, విధానం వెలువడినంత మాత్రాన ఆసక్తి జనించదు. పాఠం విద్యార్థి జీవితాన్ని స్పృశించాలి.

మన పటాన్‌చెరు ప్రాంతాన్నే తీసుకొందాం. కార్మికుని ఇంట పెరిగే బిడ్డకు షిఫ్టు అనే మాట కొత్త కాదు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి షిఫ్టులు ఆ వరుసనే వారానికొకటి చొప్పున మారుతాయనుకొందాం. నేటికి ఇరవయ్యవ వారంలో పండుగ వస్తుంది. ఆ రాత్రి నాన్న ఇంట ఉంటారా? ఈ వారం మొదటిదై, ఉదయం షిఫ్టు అయితే, 20ని 3చే భాగించగా శేషం 2. అనగా మధ్యాహ్నం షిఫ్టు. శేషం సున్న అయితే రాత్రి షిఫ్టు. ఈ లెక్కను తోటి విద్యార్థి మారుమాట అడగకుండా అనుసరించగలిగేటట్లు మెట్టు మెట్టుగా వ్రాయమనండి. అందుకు కాగితం, పెన్సిలు చాలును. ఆ పిమ్మట దానిని యంత్రానికి అప్పగించవచ్చు. పొరపాటు దొర్లితే దిద్దుకొనే పట్టుదల దానంతటదే పుడుతుంది. ఏలనన, ఆ ప్రశ్న విద్యార్థి సొంతం.

ఇట్టి క్రమపద్ధతినే అల్గారిథమ్ అంటారు. తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదు నగరాన వర్ధిల్లిన గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరు నుండియే ఆ పదం పుట్టింది. ఆలోచన ఏ ఒక్క భాషకూ పరిమితం కాదు. కనుక తొలిపాఠాన్ని తెలుగులోనో, ఉర్దూలోనో చెప్పడం న్యూనత కానేరదు.

సంగారెడ్డి చెంతనే, కందిలో ఐ.ఐ.టి. వెలసింది. దాని ప్రహరీని బస్సులో నుండి చూచే పిల్లలకు ఆ విద్య పరాయిదనే భావం కలుగరాదు. మన కళాశాల విద్యార్థులు వారానికొక గంట సమీప పాఠశాలల్లో ఇట్టి పాఠాలు చెప్పేందుకు కమిటీ పెద్దలు అవకాశం కల్పించాలని మనవి. సోదర విద్యార్థులారా! బోధించేవాడు రెండుసార్లు నేర్చుకొంటాడు. ముందుకు రండి.