ఒక రైలు దారిలో మన చరిత్ర

చదువుల కోసమో ఉద్యోగాల కోసమో ఇంగ్లండులో స్థిరపడిన పిల్లలను చూడటానికి మన తెలుగు నేల నుంచి ఎందరో తల్లిదండ్రులు వెళ్లి వస్తున్నారు. అక్కడ వారికి చూపే స్థలాలు దాదాపు ఒకటే: పార్లమెంటు గడియారపు గోపురం, రాజప్రాసాదం, థేమ్స్ నది వంతెనలు. అవి చూడదగినవే. అయితే ఒక్క రోజు మిగిలినా, లండన్ నుంచి బయలుదేరే ఒక రైలు మార్గంలో మన చరిత్రను కూడా చూసి రావచ్చు.

వాటర్లూ స్టేషన్‌లో ఉదయపు రద్దీ తగ్గాక రైలెక్కితే టిక్కెట్టు ధర తగ్గుతుంది. సుమారు అరగంటలో వోకింగ్ పట్టణం వస్తుంది. ఓరియంటల్ రోడ్డు వెంట కొంతసేపు నడిస్తే చెట్ల నడుమ గుమ్మటం కనిపిస్తుంది. అది షాజహాన్ మస్జిద్. ఆ పేరు వినగానే తాజ్‌మహల్ కట్టించిన చక్రవర్తి గుర్తుకు వస్తాడు. కాని ఈ షాజహాన్ ఒక స్త్రీ. భోపాల్ సంస్థానాన్ని పాలించిన బేగం. లాహోర్‌లో ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేసిన భాషావేత్త లైట్నర్ వోకింగ్‌లో ప్రాచ్య విద్యాసంస్థను నెలకొల్పినప్పుడు, ఆమె ఇచ్చిన విరాళంతో 1889లో ఈ మస్జిద్ వెలసింది. బ్రిటన్‌లో మస్జిద్‌గానే నిర్మించిన తొలి కట్టడం ఇదే. ఇంగ్లండుకు ఎన్నడూ వెళ్లని ఒక పాలకురాలి దానం నేటికీ నమాజుకు నీడనిస్తోంది. 2018లో ప్రభుత్వం దీనిని అత్యున్నత శ్రేణి వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది.

జుహర్ నమాజు ఇక్కడే చేసుకుని, హార్సెల్ కామన్ వైపు వెళ్లే బస్సు ఎక్కాలి. స్టాపులో నిలబడి చెయ్యెత్తితేనే బస్సు ఆగుతుంది. కండక్టరు ఉండడు, టిక్కెట్టు డ్రైవరే ఇస్తాడు. అక్కడ పైన్ చెట్ల మధ్య, గుమ్మటం గల ద్వారంతో ఒక ప్రహరీ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి ఇంగ్లండు ఆస్పత్రులలో కన్నుమూసిన భారతీయ ముస్లిం సైనికుల కోసం 1917లో పూర్తయిన ఖబరస్తాన్ అది. తరువాత దుండగులు సమాధులను పాడుచేయడంతో 1968లో ఆ భౌతికకాయాలను బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానానికి తరలించారు. ఖాళీ అయిన ఆ చోటు 2015లో శాంతి వనంగా మారింది. అక్కడ ఖననమైన 27 మంది సైనికుల గుర్తుగా 27 హిమాలయ భూర్జ వృక్షాలు నాటారు. ఏ ఊరి తల్లి ఏ కొడుకు కోసం ఎదురు చూసిందో! ఆ తెల్లని చెట్ల ముందు నిలిచి దుఆ చేయడానికి రక్తసంబంధమే ఉండనవసరం లేదు.

వోకింగ్‌కు తిరిగి వచ్చి రైలెక్కితే తరువాతి స్టేషనే బ్రూక్‌వుడ్. స్టేషన్ పక్కనే 1854లో ప్రారంభమైన విశాలమైన శ్మశానవాటిక. ఒకప్పుడు లండన్ నుంచి శవపేటికలను మోసుకుని ప్రత్యేక రైళ్లు ఇక్కడికి వచ్చేవి. 1941 వరకు అవి నడిచాయి. దివ్య ఖుర్ఆన్‌ను ఇంగ్లీషులోకి అనువదించిన ఇద్దరు మహనీయులు ఇక్కడి ముస్లిం విభాగంలో విశ్రమిస్తున్నారు. ఒకరు అబ్దుల్లా యూసుఫ్ అలీ. మరొకరు మర్మడ్యూక్ పిక్‌థాల్.

పిక్‌థాల్‌కు మన హైదరాబాదుతో గాఢమైన అనుబంధం ఉంది. 1925లో ఆయన చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలకు ప్రిన్సిపాల్‌గా వచ్చారు. ‘ఇస్లామిక్ కల్చర్’ పత్రికకు సంపాదకత్వం వహించారు. అనువాదం పూర్తిచేయడానికి నిజాం ప్రభుత్వం ఆయనకు జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. 1930లో ఆ గ్రంథం వెలువడింది. ప్రపంచమంతటా ఇంగ్లీషు పాఠకులు చదివిన ఆ కృషికి మన నగరం అండగా నిలిచింది. 1936లో ఆయన కన్నుమూశారు.

ఈ యాత్రకు ఋతువును గమనించి సమయాలు నిర్ణయించుకోవాలి. డిసెంబరులో నాలుగు గంటలకే పొద్దు గూకుతుంది, జూన్‌లో తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది. గొడుగు వెంట ఉండాలి, పిల్లలు తప్పక వెంట ఉండాలి. ఆ దేశంలో తాము నిన్న మొన్న వచ్చిన పరాయివారమని అనుకుంటూ పెరిగే మన పిల్లలకు, తమకన్నా ముందు అక్కడ నమాజు చేసినవారి, అనువదించినవారి, ప్రాణాలు విడిచినవారి జాడలు చూపడం మన బాధ్యత. సమాధుల సందర్శన పరలోకాన్ని గుర్తుచేస్తుందని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఈ సమాధులు దానితోపాటు మన పిల్లలకు తమ మూలాలను కూడా గుర్తుచేస్తాయి. అల్లాహ్ వారందరినీ కరుణించుగాక!