హద్దు ఉన్న చోటే రొయ్య మిగిలింది

ఏటా ఏప్రిల్‌లో వేట నిషేధం మొదలవగానే మన రేవుల్లో ఒకే మాట వినిపిస్తుంది. ఆంక్షలు పెడితే పరిశ్రమ చచ్చిపోతుందట. బోట్లు, ప్లాంట్లు పెరిగితేనే ఊరు బాగుపడుతుందట. ఈ మాట తప్పు. అది తప్పని ఆస్ట్రేలియా పడమటి తీరంలోని ఒక ఫ్యాక్టరీ చరిత్రే చెబుతోంది.

పెర్త్‌కు ఉత్తరాన దాదాపు 900 కిలోమీటర్ల దూరంలో కార్నార్వన్ అనే చిన్న రేవు ఉంది. అక్కడి బాబేజ్ ద్వీపంలో 1950లో తిమింగలాల ఫ్యాక్టరీ మొదలైంది. తరవాత నార్‌వెస్ట్ వేలింగ్ కంపెనీ దాన్ని కొన్నది. హంప్‌బ్యాక్ తిమింగలాలను కోసి నూనె తీయడం దాని పని. కోటాలు లేకపోలేదు, కానీ అవి సముద్రం భరించలేనంత పెద్దవి. 1963లో అంతర్జాతీయ నిషేధం వచ్చేనాటికే తిమింగలాలు కరువయ్యాయి. కాబట్టి ఆ వ్యాపారాన్ని ముంచింది నిషేధం కాదు, అది ఆలస్యంగా రావడమే.

ఆ కంపెనీయే అదే చోట రొయ్యలకు మళ్లింది. ఈసారి ప్రభుత్వం ఆలస్యం చేయలేదు. పక్కనున్న షార్క్ బేలో రొయ్యల వేట మొదలైన తొలి ఏళ్లలోనే బోట్ల లైసెన్సులకు పరిమితి పెట్టింది. ఒకప్పుడు 35 ఉన్న బోట్లను క్రమంగా 18కి తగ్గించారు. రొయ్య ఎదిగిందో లేదో చూశాకే వేటకు తెరుస్తారు. పున్నమి చుట్టూ కొన్ని రాత్రులు వల దించరు. కిలోకు ఎన్ని తూగుతాయన్న కౌంట్‌ను బట్టి రేటు పలికే సరుకు ఇది. పిల్ల రొయ్యను తోడేస్తే నష్టపోయేది ఎవరో మన రేవులో చిన్నపిల్లాడైనా చెబుతాడు. ఆ వేట అరవై ఏళ్లు దాటినా సాగుతూనే ఉంది. 2015లో దానికి సుస్థిర వేటగా అంతర్జాతీయ ధ్రువీకరణ కూడా దక్కింది.

హద్దు ఒకసారి గీసి వదిలేస్తే సరిపోదు. పొరుగున ఎక్స్‌మౌత్ గల్ఫ్‌లో లైసెన్సులు పరిమితంగా ఉన్నా 1980ల మొదట్లో టైగర్ రొయ్య కుప్పకూలింది. తల్లి రొయ్యలను వదిలిపెట్టేలా వేట తగ్గించాకే కోలుకుంది.

ఆంక్షలు సముద్రాన్ని నాలుగు కంపెనీల చేతిలో పెడతాయన్న అభ్యంతరంలో మాత్రం నిజముంది. ఆస్ట్రేలియాలో చాలావరకు జరిగింది అదే. అందుకే మన దగ్గర హద్దు పెద్ద ట్రాలర్లతో మొదలవ్వాలి, జాలరి తెప్పతో కాదు. నిషేధపు రెండు నెలలకు రాష్ట్రం ఇస్తున్న 20,000 రూపాయలు పొయ్యి ఆరకముందే ఆ ఇంటికి చేరాలి.

హద్దు పాటించకపోతే ఏమవుతుందో మనకూ అనుభవమే. ఆస్ట్రేలియా ఉత్తర తీరపు ట్రాలర్లు 2000 నుంచి వలల్లో తాబేళ్లు తప్పించుకునే పరికరం తప్పనిసరిగా పెడుతున్నాయి. మనం పెట్టలేదు. అందుకే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం ఆపేసింది. సంత పోగొట్టింది ఆంక్ష కాదు, దాన్ని పట్టించుకోని మన నిర్లక్ష్యం.

హంప్‌బ్యాక్‌లు కోలుకున్నాయని ఆస్ట్రేలియా వాటిని ముప్పు జాబితా నుంచి తీసేసింది 2022లో. అంటే నిషేధం వచ్చిన దాదాపు అరవై ఏళ్లకు. ఏటా 61 రోజులు ఆగడమే భారమనుకునే రేవు, అరవై ఏళ్లు ఆగగలదా?