పంటి బిగువు కథ

"ఒక్కటిచ్చానంటే దవడ పగులుద్ది!"

ఈ డైలాగు వినకుండా పెరిగిన తెలుగు ప్రేక్షకుడు ఉన్నాడా? హీరో చెయ్యి లేస్తుంది. హాలంతా "ఢిష్యుం" అని మోగుతుంది. విలన్ నాలుగు కుర్చీలు విరగ్గొట్టుకుంటూ పడి, పెదవి చివర ఎర్రరంగు తుడుచుకుని లేస్తాడు. తర్వాతి సీనులో అదే దవడతో దర్జాగా కోడికాలు కొరుకుతూ కనిపిస్తాడు!

నిజంగా దవడకి దెబ్బ తగిలితే కథ అలా నడవదు. ఎలా నడుస్తుందో తెలియాలంటే ఒక్కసారి హాలీవుడ్ దాకా వెళ్ళొద్దాం, రండి.

బర్ట్ రెనాల్డ్స్ పేరు విన్నారా? మీసాల హీరో. 1978 నుంచి 1982 దాకా వరసగా అయిదేళ్ళు అమెరికాలో బాక్సాఫీసు నంబర్ వన్ ఆయనే. క్లింట్ ఈస్ట్‌వుడ్‌తో కలిసి 'సిటీ హీట్' అనే సినిమా చేశాడు. 1984లో విడుదలైంది. ఆ షూటింగులో ఓ ఫైటు సీను. కొడితే విరిగిపోయే ఉత్తుత్తి కుర్చీ వాడాల్సిన చోట అసలు సిసలు ఇనప కుర్చీ వచ్చి దవడకి తగిలింది. ఎముక విరిగింది. ఆ తర్వాత దవడ కీలు జబ్బు పట్టుకుంది. నమలలేడు. ద్రవాహారమే గతి. పధ్నాలుగు కిలోల దాకా తగ్గి చిక్కిపోయాడు. నొప్పి మాత్రలు అలవాటై అదో పెద్ద బాధ అయింది.

అంతటితో ఆగిందా? చిక్కిన మనిషిని చూసి లోకం ఊరుకోలేదు. "ఎయిడ్స్ అట!" అని పుకారు పుట్టించింది. ఆ రోజుల్లో ఆ మాటకున్న భయం అంతా ఇంతా కాదు. అవకాశాలు పల్చబడ్డాయి. ఆస్కార్ నామినేషన్ దాకా రావడానికి 1997 నాటి 'బూగీ నైట్స్' కావాల్సొచ్చింది. 2018లో, 82 ఏళ్ళ వయసులో, ఆయన కన్నుమూశాడు.

కుర్చీ తగిలింది దవడకి. దెబ్బ తిన్నది మనిషి మొత్తం. చూశారా!

"మాకెవరు కుర్చీలు విసురుతారు గురూ?" అంటారేమో. నాకూ ఎవరూ విసరలేదు. అయినా నా దవడ నన్ను ఏడాదిపాటు ఏడిపించింది. ఇక స్వవిషయానికొస్తాను.

పొద్దున లేవగానే కణతల్లో పోటు. కుడి చెవిలో సలుపు. మధ్యాహ్నానికి మెడ కుడివైపు తిరగదు. సాయంత్రానికి భుజం మీద బియ్యం బస్తా పెట్టినట్టు బరువు. సినిమాకెళితే హాల్లో కుడి చివర సీటే కావాలి, తెర ఎడమవైపున ఉంటే మెడ తిప్పక్కర్లేదని! కామెడీ సీనుకి పడీపడీ నవ్వితే ఆ రాత్రి నిద్ర లేదు. నాది జీతం ఉద్యోగం కాదు, రాస్తేనే డబ్బులు. బల్ల ముందు అరగంట కూర్చోలేని వాడు ఏం రాస్తాడు? రెండు నెలల్లో చేతికందాల్సిన మూడు వ్యాసాలు చెయ్యి జారిపోయాయి.

చెవి డాక్టరుగారు చూసి "చెవి శుభ్రంగా ఉంది" అన్నారు. మెడ ఎక్స్‌రే కూడా శుభ్రంగానే ఉంది. తలగడ మార్చాను. బామ్ సీసాలు ఖాళీ చేశాను. "ఒరేయ్, నీకు దిష్టి తగిలిందిరా" అని అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేసింది. నొప్పి మాత్రం పోలేదు.

చివరికి గుట్టు విప్పింది ఎవరనుకున్నారు? మా వీధి మంగలి! గడ్డం గీస్తూ గీస్తూ ఆగి, "ఏంటి సార్, దవడలు రాళ్ళలా బిగిసిపోయున్నాయి? మీరు పళ్ళు కొరుకుతారా?" అన్నాడు.

అప్పుడు గమనించాను. రాసేటప్పుడు బిగించి ఉంటున్నాను. ట్రాఫిక్‌లో బిగించి ఉంటున్నాను. ఎడిటరుగారి ఫోనొస్తే ఇక చెప్పక్కర్లేదు! పైగా ఆ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, నోట్లో వక్కపొడి నములుతూ.

వెళ్ళాను పళ్ళ డాక్టరు దగ్గరికి. ఆయన నా రెండు వేళ్ళూ చెవుల ముందు పెట్టించి నోరు తెరవమన్నారు. మీరూ పెట్టి చూడండి. ఏదో కదులుతోందా? అదే దవడ కీలు. తలుపు మడతబందులా తిరగడమే కాదు, సొరుగులా ముందుకి జారుతుంది కూడా. మధ్యలో మెత్తని బిళ్ళ ఒకటి. పైగా రెండువైపులా ఉన్న కీళ్ళకి ఒకే ఎముక, జోడెద్దుల్లా కలిసే నడవాలి. నోరు తెరిస్తే 'టక్కు'మంటుందా? నొప్పి లేకపోతే కంగారుపడక్కర్లేదు, చాలామందికి ఉండేదే.

మరి దవడకీ మెడకీ సంబంధం? ముఖం నుంచి వచ్చే నొప్పి కబురూ, మెడ పైభాగం నుంచి వచ్చే నొప్పి కబురూ మెదడు కింద ఒకే ఎక్స్ఛేంజికి చేరతాయి. అక్కడ క్రాస్‌టాక్! దవడ అరిస్తే మెడ అరిచినట్టూ, మెడ అరిస్తే దవడ అరిచినట్టూ వినిపించొచ్చు. ఇంకోటి: పళ్ళు బిగిస్తే మెడ కండరాలూ తోడు బిగుస్తాయి. నిటారుగా కూర్చుని పళ్ళు మెల్లిగా కలిపి చూడండి. తల వెనక్కి వాల్చి మళ్ళీ కలపండి. తగిలే చోటు మారిందా? తల ఎక్కడుంటే దవడ దాని వెంటే. అయిదు కిలోల దాకా బరువుండే తలని ఫోను మీదికి వంచి మూడు గంటల సినిమా చూస్తే మెడ ఏమంటుందో మీరే ఊహించుకోండి.

ఇక్కడే ఓ హెచ్చరిక. నేను ఓ పెద్ద బోర్డున్న చోటికీ వెళ్ళాను. "మీ పలువరస వంకర. దాంతో వెన్నెముక వంకర, నడుం వంకర. ఎనిమిది పళ్ళు అరగదీసి తొడుగులు వేస్తే కాళ్ళనొప్పితో సహా పోతాయి" అన్నారు. ఖర్చు ఓ సెకండ్‌హ్యాండ్ మోటారుసైకిలంత! మా డాక్టరుగారికి చెబితే నవ్వి, "దవడకీ మెడకీ లింకుంది, నిజమే. కానీ పళ్ళు సరిచేస్తే ఒళ్ళంతా నిటారవుతుందనడానికి గట్టి రుజువు లేదు. అరగదీసిన పన్ను మళ్ళీ మొలవదు నాయనా" అన్నారు. బతికిపోయాను!

ఆయన చెప్పిన మందు వింటే మీరూ నవ్వుతారు. "పెదాలు కలిసి, పళ్ళు విడిగా." నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పై పళ్ళకీ కింది పళ్ళకీ కలుసుకునే పనే లేదట! బల్ల మీద లైటుకి ఓ ఎర్ర బొట్టుబిళ్ళ అంటించాను. అది కనిపించినప్పుడల్లా దవడ వదులు చెయ్యడం. వక్కపొడి బంద్. చూయింగ్‌గమ్ బంద్. కొన్నాళ్ళు జంతికలకీ, వేరుశెనగ అచ్చులకీ సెలవు, పప్పన్నం, పెరుగన్నమే. రోజూ పావుగంట గోరువెచ్చని గుడ్డ కాపడం. ఆవులింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆన్చడం. ఫోను కళ్ళ ఎత్తున. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకి తొడుగు కావాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి.

ఆరు వారాలకి మెడ తిరిగింది. ఇప్పటికీ వ్యాసం గడువు దగ్గరపడితే దవడ పలకరిస్తూనే ఉంటుంది. బొట్టుబిళ్ళ వంక చూస్తాను.

మీకో చిన్న పరీక్ష. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళు మూడూ ఒకదాని మీద ఒకటి నిలువుగా పళ్ళ మధ్య పెట్టండి. చాలామందికి పడతాయి. ఇదివరకు పట్టి ఇప్పుడు పట్టకపోయినా, తెరిస్తే నొప్పెట్టినా డాక్టరుకి చూపించండి. నోరు ఒక్కసారిగా పట్టేసినా, జ్వరంతో దవడ వాచినా ఆలస్యం చెయ్యొద్దు. ఇంకో ముఖ్యమైన మాట, ఇది ఇంట్లో పెద్దవాళ్ళకీ చెప్పండి: హఠాత్తుగా దవడ నొప్పితోపాటు గుండె బిగుతు, చేతి లాగుడు, చెమటలు, ఆయాసం ఉంటే అది దవడ సంగతి కాదు, గుండె సంగతి కావచ్చు. వెంటనే 108కి ఫోను చెయ్యండి.

కష్టాల్ని పంటి బిగువున భరించాలని మన పెద్దలు చెప్పారు. పెద్దల మాట కాదనను. కానీ పరీక్షలొచ్చినా, ప్రేమ విఫలమైనా, అభిమాన హీరో సినిమా మొదటి ఆటకే బోల్తా కొట్టినా... భరించండి, పళ్ళు మాత్రం బిగించకండి!

ఇది చదువుతూ ఇప్పుడు మీ పళ్ళు ఎక్కడున్నాయి? కలిసే ఉన్నాయా? వదలండి మరి!

వచ్చేవారం కలుద్దాం.