గుహలకంటే ముందు కొండను చూడండి

ప్రతి సంవత్సరం మన విద్యార్థులు ఎందరో అజంతా, ఎల్లోరా విహారయాత్రకు వెళ్ళి వస్తుంటారు. ఏం చూశారని అడిగితే బొమ్మల గురించి, శిల్పాల గురించి ఉత్సాహంగా చెబుతారు. వాటిని మోస్తున్న కొండ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. అక్కడ మొదట చూడవలసింది ఆ రాయినే అని నా అభిప్రాయం.

ఆ రాయి ఒకప్పుడు నిప్పుల ప్రవాహం! సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం భూమి పగుళ్ళలోంచి లావా పొంగి పారింది. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. ఒక పొర చల్లారి గట్టిపడ్డాక దానిమీద మరొకటి పరుచుకుంది. పడమటి కనుమల్లో ఈ పొరల మొత్తం మందం రెండు కిలోమీటర్లు దాటుతుంది. దూరంనుంచి కొండలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. అందుకే వీటిని దక్కన్ ట్రాపులు అంటారు. స్వీడిష్ భాషలో 'ట్రాప్పా' అంటే మెట్లు. మన వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో కూడా ఈ బసాల్టు శిల ఉంది. అది చివికితేనే నల్లరేగడి నేల తయారవుతుంది.

అజంతాలో వాఘోరా నది ఈ పొరలను కోసి, గుర్రపు నాడా ఆకారంలో లోయను చేసింది. ఆ నిటారు గోడలోనే సుమారు 30 బౌద్ధ గుహలను తొలిచారు. నది కోయకపోతే గోడ లేదు. గోడ లేకపోతే గుహలు లేవు!

ఎల్లోరాలో కైలాస దేవాలయాన్ని 8వ శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుని కాలంలో, కొండను పైనుంచి కిందికి చెక్కుతూ మలిచారు. కింద రాయి ఎలా ఉంటుందో అంచనా లేకుండా అంతటి పనికి ఎవరైనా పూనుకుంటారా? భూగర్భశాస్త్రం పుట్టకముందే రాయిని చదివినవారు ఆ శిల్పులు.

అదే రాష్ట్రంలో, బుల్ఢాణా జిల్లాలో లోనార్ సరస్సు ఉంది. ఈ బసాల్టులోనే ఏర్పడిన సుమారు 1.8 కిలోమీటర్ల వెడల్పు గల గుండ్రని గొయ్యి అది. చూడగానే అగ్నిపర్వత బిలం అనుకుంటాం. నిజానికి అది ఆకాశంనుంచి పడిన ఉల్క చేసిన గొయ్యి. భీకరమైన తాకిడికి రూపు మారిన అక్కడి ఖనిజాలే అందుకు సాక్ష్యం. కంటికి కనిపించినదల్లా నమ్మకుండా సాక్ష్యం వెతకాలని ఇంతకంటే బాగా నేర్పే పాఠం ఏముంది?

"ఉన్న సమయం గుహలకే చాలదు, ఇక కొండలెక్కడ చూస్తాం?" అని ఉపాధ్యాయులు అనవచ్చు. గుహలోకి వెళ్ళేముందు ఎదుట నిలబడి, అరగంటసేపు పొరలు లెక్కపెడితే చాలు. ఆ అరగంటకు ఇంకో ప్రయోజనం కూడా ఉంది. అజంతా బొమ్మలు నేరుగా రాతిమీద వేసినవి కావు, మట్టిపూతమీద వేసినవి. రాతి పగుళ్ళలోంచి ఊరే వాననీరు, జనం ఊపిరిలోని తేమ ఆ పూతకు శత్రువులు. ఈ సంగతి తెలిసిన విద్యార్థి గోడను చేత్తో తాకడు, మేకుతో పేరు గీయడు.

ఈసారి యాత్రకు బయలుదేరేటప్పుడు చరిత్ర పుస్తకంతో పాటు భూగోళం పుస్తకాన్ని కూడా సంచిలో పెట్టుకోండి. ఆ కొండ కథకు రెండూ కావాలి.