చప్పట్లు జీతాలు కావు

బ్లాస్ట్ ఫర్నేసును ఒకసారి రాజేసిన తరువాత, ఇష్టమైనప్పుడు ఆర్పి ఇష్టమైనప్పుడు తిరిగి వెలిగించడానికి వీలుండదు. ఉక్కుకు గిరాకీ ఉన్నా లేకున్నా దానికి ఖనిజం, కోకు, గాలి అందుతూనే ఉండాలి. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒడంబడిక ఫలితంగా వెలసి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా తొలి ఫర్నేసును ప్రారంభించుకొన్న భిలాయి పట్టణానికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వృత్తి క్రీడాకారుల లీగు కూడా అటువంటిదే. రాబడి మొదలు కాకముందే అది ఖర్చును కోరుతుంది; ఒకసారి మొదలైన ఖర్చు మరి ఆగదు.

భిలాయి సెక్టార్లలో తెలుగు కుటుంబాలు రెండు మూడు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. అక్కడి పెద్దలకు తెలిసినంతవరకు ఆట అనేది ఉద్యోగానికి ఒక దారి. బాగా ఆడిన కుర్రవాడికి రైల్వేలోనో, పోలీసు శాఖలోనో, ప్రభుత్వ రంగ సంస్థలోనో స్పోర్ట్స్ కోటాలో కొలువు దొరికేది. కాళ్లలో సత్తువ తగ్గిన తరువాత కూడా ఒకటో తారీఖున జీతం చేతికి వచ్చేది. ఈనాటి కుర్రవాడు అడుగుతున్న ప్రశ్న వేరు: ఆటే ఉద్యోగం ఎందుకు కాకూడదు? దీనికి సమాధానం మైదానంలో దొరకదు. జమాఖర్చుల పుస్తకంలో వెదకాలి.

పాత పద్ధతి చిన్నది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలిచింది. ఆ రహీమ్ శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానాన్ని, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణాన్ని సాధించింది. హైదరాబాదు ఆటగాళ్లను పోషించింది టికెట్ల అమ్మకం కాదు, ఒక ప్రభుత్వ శాఖ. జీతం స్వల్పమే కావచ్చు, కాని నమ్మకమైనది.

జీతాన్ని పూర్తిగా ప్రేక్షకుల మీదా ప్రకటనల మీదా ఆధారపరిచే కొత్త లీగు ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే అమెరికా అనుభవం చూడాలి. అక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని చేత పట్టుకొని పరుగెత్తే వారి సొంత ఆట. దాని ప్రధాన లీగు శరత్కాలంలో మొదలై శీతకాలంతో ముగుస్తుంది. వసంతంలో మైదానాలు ఖాళీగా ఉంటాయి, అభిమానులకు ఆట ఉండదు. న్యూ ఆర్లియన్స్ వ్యాపారి డేవిడ్ డిక్సన్ ఈ ఖాళీని గమనించాడు. ఆయన ఆలోచన ఫలితంగా యునైటెడ్ స్టేట్స్ ఫుట్‌బాల్ లీగు 1983 మార్చిలో 12 జట్లతో ఆరంభమైంది. టెలివిజన్ ఒప్పందం కుదిరింది, ప్రేక్షకులూ వచ్చారు. జీతాల విషయంలో ప్రతి జట్టూ ఒక మితిని పాటించాలన్నది డిక్సన్ పెట్టిన నియమం.

ఆ నియమమే ముందుగా భగ్నమైంది. ఒక జట్టు ప్రసిద్ధ ఆటగాణ్ణి పెద్ద మొత్తానికి తీసుకొంటే, పక్క జట్టు అంతకు మించిన మొత్తానికి మరొకణ్ణి తీసుకొన్నది. 1984లో లాస్ ఏంజెలెస్ జట్టు స్టీవ్ యంగ్ అనే యువకునితో చేసుకొన్న ఒప్పందం విలువ 4 కోట్ల డాలర్లని లోకమంతా చెప్పుకొన్నది. అందులో అధిక భాగం దశాబ్దాల తరబడి వాయిదాలలో చెల్లించవలసినది. మరుసటి సంవత్సరానికే ఆ జట్టుకు యజమాని లేక లీగే దానిని నడపవలసివచ్చింది. కొత్త జట్ల ప్రవేశ రుసుము కోసం 1984లో జట్ల సంఖ్యను 18కి పెంచారు. 1985లో అది 14కు తగ్గింది. చివరకు వసంతాన్ని విడిచి శరత్కాలంలో ప్రధాన లీగుతో తలపడాలని నిశ్చయించి, దానిపై గుత్తాధిపత్యం నేరం మోపి కోర్టుకు వెళ్లారు. 1986 జూలైలో జ్యూరీ నేరం నిజమేనన్నది. నష్టపరిహారంగా 1 డాలరు నిర్ణయించింది. చట్టప్రకారం అది మూడింతలై 3 డాలర్లయింది. లీగు మరి ఆడలేదు.

2001లో ఎక్స్‌ఎఫ్‌ఎల్ ఒకే ఒక సీజన్ నడిచింది. 2019లో 8 జట్లతో మొదలైన మరొక వసంత లీగు రెండు నెలలైనా నిండకుండానే ఆగి దివాలా తీసింది. 2024లో రెండు వసంత లీగులు కలిసి 8 జట్ల లీగుగా ఏర్పడినప్పుడు, పాఠం కొంత నేర్చుకొన్నట్లు కనబడింది. జట్లు తక్కువ, జీతాలు పరిమితం, ప్రసార సంస్థే ఒక భాగస్వామి.

ఇక మన దేశానికి వద్దాం. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడే ఆటే. కాని లెక్కలు అవే. 1996లో ఆరంభమైన జాతీయ లీగును మొట్టమొదట గెలిచిన ఫగ్వారా జేసీటీ మిల్స్ జట్టు 2011లో మూతపడింది. 2014లో 8 జట్లతో ఇండియన్ సూపర్ లీగు వచ్చింది. దాని వెనుక, ఫుట్‌బాల్ సమాఖ్యతో 2010లో రిలయన్స్ పక్షం కుదుర్చుకొన్న 15 సంవత్సరాల, 700 కోట్ల రూపాయల ఒప్పందం ఉన్నది. 2019లో వెలసిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న ఆ లీగు విజేతగా నిలిచింది. రెండేళ్లు తిరగకముందే జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి పేరు సైతం మార్చుకొన్నది.

అదే సంవత్సరం డిసెంబరులో 15 ఏళ్ల ఒప్పందం గడువు తీరింది. కొత్త భాగస్వామి కోసం సమాఖ్య టెండరు పిలిచింది. బిడ్ల పరిశీలక సంఘానికి విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావు అధ్యక్షులు. ఏటా కనీసం 37.5 కోట్ల రూపాయలు చెల్లించాలన్నది షరతు. ఒక్క బిడ్డు కూడా రాలేదు. అనిశ్చితిలో కొన్ని క్లబ్బులు జీతాలు నిలిపివేశాయి. చివరకు 2026 ఫిబ్రవరి 14న 14 జట్లతో, 91 మ్యాచ్‌లతో లీగు మొదలవుతుందని జనవరిలో కేంద్ర క్రీడామంత్రి ప్రకటించారు. ఆ విధంగా, అనుకోకుండానే, మనకూ ఒక వసంత లీగు సంప్రాప్తించింది.

ఇటువంటి లీగులో భిలాయికి ఒక జట్టు ఉన్నదనుకొందాం. పది వేల ఆసనాల మైదానం, వంద రూపాయల టికెట్టు, సొంత గడ్డపై ఏడు మ్యాచ్‌లు. ప్రతి ఆటకూ మైదానం నిండినా వచ్చేది 70 లక్షలు. ఇరవై ఐదుగురు ఆటగాళ్లకు నెలకు లక్ష చొప్పున ఐదు నెలలకు 1 కోటీ 25 లక్షలు కావాలి. శిక్షకులు, ప్రయాణాలు, వసతి, వైద్యం, దీపాల ఖర్చు ఇంకా మిగిలే ఉన్నాయి. నిండిన మైదానం కూడా జీతాలలో సగం పైచిలుకు మాత్రమే ఇస్తుంది. మిగిలినది ప్రసార హక్కుల వలన, ప్రకటనల వలన రావాలి. రాకపోతే యజమాని జేబులోనుండి రావాలి.

మన వసంతం ఖాళీ వసంతమూ కాదు. పిల్లలకు అది పరీక్షల కాలం. ఛత్తీస్‌గఢ్ ఎండలో పగటిపూట ఆట దుర్భరం. రాత్రి ఆడితే దీపాల ఖర్చు. టెలివిజన్‌లో 2008 నుండి ఆ నెలలు ఐపీఎల్ క్రికెట్‌వి. 2023 నుండి ఐదు సీజన్ల ఐపీఎల్ ప్రసార హక్కులే 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. ప్రకటనకర్త ఆ పందిరిని విడిచి పక్క పందిరికి రావాలంటే తగిన కారణం కావాలి.

అయినా ఆశ లేకపోలేదు. మరొక ఉక్కు పట్టణమైన జంషెడ్‌పూర్‌లో 1987లోనే టాటా ఫుట్‌బాల్ అకాడమీ నెలకొన్నది. జట్టు 2017లో వచ్చింది. ముప్ఫై ఏళ్ల శిక్షణ ముందు, లీగు తరువాత. ఛత్తీస్‌గఢ్‌లోనే నారాయణపూర్ అడవుల నడుమ రామకృష్ణ మిషన్ అకాడమీ గిరిజన బాలురతో జట్టును తయారుచేసి జాతీయ లీగుల కింది శ్రేణులకు పంపింది. ఇవి ఆర్భాటం లేని పనులు, అందుకే నిలిచాయి.

కనుక కొత్త లీగు ఏదైనా ముందుకు వచ్చినప్పుడు, ఎందరు తారలు ఆడుతున్నారని అడగడం కంటె మూడు విషయాలు అడగడం మేలు. జీతాలకు మితి ఉన్నదా? సీజన్ మొత్తానికి సరిపడే జీతాల సొమ్ము ఆట మొదలు కాకముందే బ్యాంకులో డిపాజిట్ అయిందా? యజమాని తప్పుకొంటే ఆటగాడి ఒప్పందానికి పూచీ ఎవరు? వీటికి సూటి సమాధానం ఇవ్వగలిగిన లీగు చిన్నదైనా మన్నుతుంది. ఇవ్వలేని లీగులో మొదట నష్టపోయేది పెట్టుబడిదారు కాదు. అతనికి వేరే వ్యాపారాలు ఉంటాయి. నష్టపోయేది, ఇరవై రెండేళ్ల వయసులో స్పోర్ట్స్ కోటా ఉద్యోగాన్ని వదులుకొని వచ్చిన ఆటగాడు.